బలం పొడి

మూడు నెలలుగా డబ్బాలు ఖాళీ అవుతున్నాయి గానీ కబడ్డీ ఆడే మహేందర్ బరువు పెరగడం లేదు. ఆటగాళ్ళకు ప్రోటీన్ పొడి డబ్బాలిచ్చి పరిశోధన చేస్తున్న పద్మజ, నిలదీద్దామని లాల్‌గడి మలక్‌పేట్‌లో వాళ్ళింటికి వెళ్ళింది. గోడమీద అతని తండ్రి బక్కయ్య ఫోటోకు కొత్త దండ వేలాడుతోంది.

"కిడ్నీలు కరాబై మస్తు బక్కగైండు, మేడం. మా పోరని పొడి ఆయనకే కలిపిచ్చిన" అంది మహేందర్ తల్లి సత్తమ్మ.

కిడ్నీ జబ్బుకి అది చేటని చెప్పబోయి పద్మజ ఆగిపోయింది. ప్రోటీన్ అంటే వీళ్ళకేం తెలుస్తుందని డబ్బా మీద ‘బలం పొడి’ అని రాసింది తనే. జాగ్రత్తలు మాత్రం ఇంగ్లీషులోనే వదిలేసింది, ఎవరు చదువుతారులే అని.

"ఆఖరికి వద్దన్నడు మేడం" సత్తమ్మ కళ్ళు తుడుచుకుంది. "నేనే బలవంతంగ తాపిన."