నార్వే బూట్లు

వాకిలి సగం ఊడ్చేసరికి ఎడమకాలి బూటు మళ్ళీ కరిచింది. సత్తమ్మ చీపురు గోడకు ఆనించి, ఒంటికాలి మీద నిలబడి, మడమ దగ్గర వేలు దూర్చి చూసుకుంది. నిన్నటి పొక్కు పగిలింది. వేలికంటిన తడిని కొంగుకు తుడుచుకుని, "నీ తోలు పాడుగాను" అని బూటును తిట్టి, మళ్ళీ చీపురు అందుకుంది.

ముదురు గోధుమరంగు బూట్లు. చీలమండ దాటి పైకి వస్తాయి. ముందు రెండు వరసల బొక్కలు, వాటిలోంచి అడ్డదిడ్డంగా వెళ్ళే తాళ్ళు. ఆ తాళ్ళు ముడి వేయడానికి సత్తమ్మకు రోజూ గిన్నెలు తోమినంత సేపు పడుతుంది. బూట్లు ఆమెవి కావు. కిషన్‌రావు సేటు తన భార్య కృష్ణవేణి కోసం పట్నం నుంచి తెచ్చినవి. కృష్ణవేణమ్మ మొదటిరోజు తొడుక్కుని హాల్లో నాలుగడుగులు వేసి, కన్నీళ్ళు పెట్టుకుని కూర్చుంది.

"గివి తొడుక్కోని నేను ఓడ ఎక్కుడు గాదు, గడప దాటుడు గూడ గాదు" అంది.

"కొత్తయి గట్లనే ఉంటయి. నలిగితే మెత్తబడ్తయి" అన్నాడు సేటు.

"ఎవరు నలుపుతరు?"

ఇద్దరూ ఒకేసారి పెరడువైపు చూశారు. పెరట్లో సత్తమ్మ పేడనీళ్ళు కలుపుతోంది.

"దాని కాలు, నా కాలు ఒక్కటే కొలత" అంది కృష్ణవేణమ్మ. అది నిజమే. చిన్నప్పుడు మొయినాబాద్‌లో ఇద్దరూ తడి కాళ్ళతో బండల మీద నడిచి అచ్చులు పోల్చుకునేవారు. ఎవరి అచ్చు ఎవరిదో ఇంట్లో పెద్దవాళ్ళు కూడా చెప్పలేకపోయేవారు. కృష్ణవేణమ్మ పెళ్ళయి చేవెళ్లకు వస్తుంటే తోడుగా ఉంటుందని సత్తమ్మనూ అదే బండిలో ఎక్కించారు. సత్తమ్మ చెల్లెలు, తల్లి లేని రాములమ్మ, ఆ బండి వెనక ఏడుస్తూ ఊరి చివరిదాకా పరుగెత్తింది. అప్పుడు దానికి పాలపళ్ళు ఊడుతున్నాయి. రోజూ దాని తల దువ్వి జడ వేసేది సత్తమ్మే. ఆ రోజు దువ్వెన సత్తమ్మ నడుముననే ఉండిపోయింది. చేవెళ్లలో దిగాక గాని చూసుకోలేదు.

తర్వాత సత్తమ్మకూ పెళ్ళి చేశారు. మొగుడు బొంబాయి మిల్లుకు పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. సత్తమ్మ సేటు ఇంటి వెనక కొట్టంలోనే ఉండిపోయింది. ఊడ్చింది, తోమింది, దంచింది, కృష్ణవేణమ్మ నలుగురు బిడ్డలకు నీళ్ళు పోసింది. ఇన్నేళ్ళలో చెప్పులు వేసుకోలేదు. సేటు వాకిట్లో పనివాళ్ళు చెప్పులు వేసుకుని నడవరు. ఇప్పుడు సేటే బూట్లు వేసుకుని నడవమంటున్నాడు.

ఇదంతా బొంబాయి ఆసామి పెట్టిన తంటా. కిషన్‌రావుది ఆముదాల వ్యాపారం. చుట్టుపక్కల ఊళ్ళ ఆముదాలు కొని బొంబాయికి పంపుతాడు. అక్కడి ఆసామి కిందటి ఏడు విలాయతుకు పోయి, అక్కడ మరో ఓడ ఎక్కి, ఉత్తరాన నార్వే దేశం ఒడ్డు వెంట తిరిగి వచ్చాడట. ఆ ఓడవాళ్ళ బొమ్మల పుస్తకం ఒకటి సేటుకు ఇచ్చాడు. నల్లటి నీళ్ళు, నీళ్ళలోంచి నిటారుగా లేచిన కొండలు, కొండల మీద మంచు, వాటి నడుమ తెల్లటి చిన్న ఓడ. అది చూసినప్పటి నుంచి భార్యను తీసుకుని ఆ ఓడ ఎక్కాలని సేటుకు ఒకటే పట్టు. ఆముదాలు అమ్ముకోవడానికి వచ్చిన ప్రతి రైతూ ఆ బొమ్మ చూసి "అబ్బ" అనేదాకా సేటు తూకం వెయ్యడు.

సత్తమ్మకు మాత్రం నార్వే అన్న పేరు వింటేనే కాలు సలుపుతుంది. చిన్నప్పుడు ఆమెకు నారికురుపు లేచింది. దిగుడుబావి నీళ్ళు తాగితే వచ్చే పురుగు, కాలిలోంచి దారంలా బయటికి వస్తుంది. పుల్లకు చుట్టి రోజుకింత లాగేవారు. "నారి పేరు పెట్టుకున్న దేశానికి ఎవలన్న కావాలని పోతరా?" అని ఆమె కృష్ణవేణమ్మను అడిగింది. కృష్ణవేణమ్మ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

వైశాఖమాసపు ఎండ అప్పుడే గోడ దిగుతోంది. లోపల ట్రంకుపెట్టె తెరిచిన చప్పుడయింది. మళ్ళీ మొదలు, అనుకుంది సత్తమ్మ. ఆ పెట్టె సర్దడం, విప్పడం ఉగాది నుంచి నడుస్తోంది. పచ్చళ్ళు పెడితే ఉన్నికోటుకు వాసన పడుతుందని పచ్చళ్ళు తీస్తారు. పచ్చళ్ళు లేకపోతే ఏం తినాలని కోటు తీస్తారు.

"ఓడల మంచం ఏ దిక్కుకు ఉంటది?" కృష్ణవేణమ్మ గొంతు.

"ఓడ ఎటు పోతె అటు ఉంటది."

"ఓడ ఉత్తరం దిక్కుకే గద పోయేది. ఉత్తరం తలపెట్టి పండుకోవాల్నా? మనిషన్నోళ్ళు పండుకుంటరా గట్ల?"

"కాళ్ళు ఉత్తరం దిక్కు పెట్టుకో."

"రాత్రికి రాత్రి ఓడ మర్లితే?"

"మర్లితే లేచి నువ్వు గూడ మర్లు! రాత్రంతా దిక్సూచి పట్టుకోని కూసో! నీతోని ఓడ కాదు, ఎడ్లబండి ఎక్కినా తలకాయ తిరుగుతది నాకు!"

సత్తమ్మ రోట్లో మిరపకాయలు పోసి రోకలి ఎత్తింది. వాళ్ళు ఏ దిక్కు పడుకున్నా ఆమెకు పట్టదు. ఆమెకు కావలసింది ఒక్కటే, వాళ్ళు బయలుదేరడం. పట్నం నుంచి కిరాయి మోటరు వస్తుంది. పట్నం దారిలోనే మొయినాబాద్ ఉంది. పోతూ పోతూ ఆమెను అక్కడ దింపుతామన్నారు. తిరిగి వచ్చేదాకా ఇల్లు తాళం. అన్నాళ్ళూ రాములమ్మ దగ్గర ఉండవచ్చు. రాములమ్మకు దమ్ము రోగం, చలికాలం నుంచి మంచం దిగలేదు. అయితే బూట్లు మెత్తబడిన రోజే మోటరుకు కబురు చేస్తానన్నాడు సేటు. అందుకే సత్తమ్మ నీళ్ళకు పోయినా, కట్టెలు తెచ్చినా బూట్లు విప్పడం లేదు.

బండి మీంచి ఖాళీ గోనెసంచులు దింపుతున్న ఎల్లయ్య వాకిట్లోంచి కేకేశాడు. సేటు ఆముదాలు పట్నానికి తోలేది అతనే. రాత్రే తిరిగి వచ్చాడు.

"సత్తక్కా! కాళ్ళకు నాడాలు కొట్టిచ్చిన్రా ఏంది? టకటక ఇనొస్తున్నది."

"నీ ఎడ్లకు కొట్టిస్తరు నాడాలు. నోరు మూసుకోని సంచులు దించు."

"కోపం చెయ్యకక్కా. విలాయతు దొరసాని లెక్క ఉన్నవంటున్న." నవ్వి, అంతలోనే గొంతు తగ్గించాడు. "మొయినాబాద్‌ల ఆగిన. రాములమ్మను చూసిన. మంచిగ లేదక్కా. దమ్ము ఎగపోస్తున్నది. కూసోబెడితే కూసుంటది, పండబెడితే ఊపిరి ఆడుతలేదు. జుట్టంత అట్టకట్టింది, ఎవలను ముట్టనిస్తలేదు. 'అక్కొచ్చి దువ్వుతె పండుకుంట' అంటున్నది."

సత్తమ్మ రోకలి దించింది. కారం కళ్ళలో పడిందో ఏమో, కొంగుతో ముఖం తుడుచుకుని గడప దగ్గరికి పోయింది.

"అమ్మా, మొయినాబాద్ పోయొస్త. చెల్లెకు పాణం బాగలేదంట."

కృష్ణవేణమ్మ పచ్చడి జాడీలకు గుడ్డలు కడుతోంది. తల ఎత్తలేదు. "పోదువు గానియ్యే. నడుసుకుంట పోయి నడుసుకుంట వస్తవా ఈ ఎండల? జర ఓపిక పడితే మోటర్ల కూసోబెట్టి తీసుకపోతం గద. ఇప్పుడు నువ్వు పోతె బూట్ల సంగతేంది?"

"నిన్ననే అడిగిందంట."

"దమ్ము రోగం ఏళ్ళ పొడుగూత ఉంటది. ఫికర్ చెయ్యకు. బూట్లు తొందరగ మెత్తగ చెయ్, తొందరగ పోతం."

ఆ మాట న్యాయంగానే తోచింది. అదే సత్తమ్మకు ఇంకా చిరాకు తెప్పించింది. గానుగ గదిలోకి పోయి ఆముదం తెచ్చి బూట్ల లోపలా బయటా పట్టించింది. గుడ్డపేలికలు మడమకు చుట్టుకుని మళ్ళీ తొడుక్కుంది. రెండు బిందెలు ఎత్తుకుని, రోజూ పోయే మెత్తటి బాట వదిలి, కంకర పరిచిన సడక్ వెంట బావికి పోయింది. తిరిగి వచ్చి, నీళ్ళు కుమ్మరించి, మళ్ళీ పోయింది. అంగడిలో మనుషులు నిలబడి చూశారు. ఒకామె తన కోడలిని పిలిచి చూపించింది. సత్తమ్మ ఎవరి ముఖమూ చూడలేదు. వేళ్ళు చాచి, అరికాలు నొక్కి, తోలుతో దెబ్బలాడుతున్నట్టు నడిచింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి తోలు లొంగింది. కుడికాలిది ముందు, కాసేపటికి ఎడమకాలిది. చిటికెన వేలి దగ్గర కుట్టు సాగి చోటిచ్చింది. పొక్కు మండుతూనే ఉంది గాని బూటు ఇక కరవడం లేదు.

"అమ్మా! మెత్తబడ్డయి!" పెరట్లోంచే కేక పెట్టింది. ఆ ఇంట్లో ఆమె అంత గట్టిగా పిలవడం ఎప్పుడూ లేదు.

సేటు కూడా దుకాణం వదిలి వచ్చాడు. కృష్ణవేణమ్మ కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపింది. సత్తమ్మ బూట్లు తుడిచి, లోపల పాతగుడ్డ పెట్టి అద్ది, ఆమెకు తొడిగి తాళ్ళు కట్టింది. కృష్ణవేణమ్మ లేచి నడిచింది. మొదటి అడుగుకే మడమ పైకి లేచింది. రెండో అడుగుకు బూటు టప్పున నేలకు కొట్టుకుంది. మూడో అడుగుకు కాలు బయటికి వచ్చింది, బూటు వెనక ఉండిపోయింది.

కృష్ణవేణమ్మ పాదం బండ మీద ఉంది. తెల్లగా, సన్నగా, పెళ్ళినాటి పాదమే. పక్కన సత్తమ్మ పాదం. వేళ్ళు విసనకర్రలా విడిపోయి, మడమలు పగిలి, బండను పట్టుకుని ఉంది. ఒకే కొలత అన్న మాట ఎప్పటిదో ముగ్గురికీ అప్పుడు తెలిసింది.

"ఇవి బూట్లా, ఆముదం డబ్బాలా?" సేటు అరిచాడు. "మెత్తగ చెయ్యిమంటే చేటలు చేసినవ్ గదనే! ఇప్పుడు నేను మళ్ళ పట్నం పోవాలె, మళ్ళ వెతకాలె! ఒకరికి దిక్కు కుదరదు, ఒకరికి కాలు కుదరదు! వద్దు, ఈసారి ఓడ వద్దు. వచ్చే ఏడు చూద్దాం."

కృష్ణవేణమ్మ ముఖంలో కోపం కన్నా ఊరటే ఎక్కువ కనిపించింది. "పోనియ్యండి. పచ్చళ్ళన్న ఇంట్ల తింటం" అంది.

సత్తమ్మ గోడ పట్టుకుని అడిగింది. "మరి మొయినాబాద్?"

"మొయినాబాద్ ఏడికి పోతదే?" అన్నాడు సేటు. బొమ్మల పుస్తకాన్ని అల్మారాలో విసిరి దుకాణంలోకి పోయాడు.

బూట్లు పడేయడానికి మనసొప్పలేదేమో, "తొడుక్కోని ఉండు. ఎవరికన్న అమ్ముదాం, ఎండితె పలుగుతయి" అంది కృష్ణవేణమ్మ. సత్తమ్మ మళ్ళీ తొడుక్కుంది. తాళ్ళు కట్టుకుంది. అంట్లు తోమింది. ఎడ్లకు కుడితి పెట్టింది. గోడనీడ వాకిలి సగానికి వచ్చేసరికి వీధి తలుపు దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తలగుడ్డ చేతిలో పట్టుకున్నాడు. మోకాళ్ళదాకా దుమ్ము.

మొయినాబాద్ సంగయ్య. రాములమ్మ పక్కింటివాడు. సత్తమ్మ అతని ముఖం కన్నా ముందు తలగుడ్డ చూసింది. చెంబుతో నీళ్ళు ఇచ్చింది. అతను తాగి, చెంబు కింద పెట్టి, ఆమె కాళ్ళకున్న బూట్లు చూశాడు.

"పొద్దుగాల పోయింది సత్తవ్వా" అన్నాడు. "కూసున్నకాణ్ణే."

సత్తమ్మ మెట్టు మీద కూర్చుంది. ఏడుపు వినబడుతుందేమోనని కృష్ణవేణమ్మ లోపలినుంచి వచ్చి నిలబడింది. ఏడుపు లేదు. సత్తమ్మ వంగి తాళ్ళు విప్పుతోంది. ఆముదానికి ముడులు బిగిసిపోయాయి. తెంపలేదు. గోరు పెట్టి ఒక్కొక్కటి వదులు చేసి, కాళ్ళు బయటికి తీసి, బూట్లు మెట్టు పక్కన జతగా పెట్టింది. కొట్టంలోకి పోయి గూట్లోంచి కొయ్య దువ్వెన తెచ్చి నడుముకు దోపుకుంది. సగం పళ్ళు లేవు దానికి.

"నేను వచ్చేదాంక పాడె లేపొద్దని చెప్పినవా?" అని సంగయ్యను అడిగింది.

"చెప్పిన."

"సత్తీ, పొద్దు వాలుతున్నది. ఇప్పుడేం పోతవే?" అంది కృష్ణవేణమ్మ. "పొద్దుగాల బండి కట్టిస్త. అయిపోయినంక తొందరేమున్నది చెప్పు?"

"తల దువ్వేది ఉన్నదమ్మా."

ఆమె వీధిలోకి దిగింది. పగిలిన పొక్కు మీద దుమ్ము అంటుకుంది. నాలుగిళ్ళు దాటాక వెనకనుంచి కృష్ణవేణమ్మ పిలిచింది.

"ఏయ్ సత్తీ! కంకర సడక్ గదనే! ఆ బూట్లన్న ఏసుకపో! నాకెట్లైనా రావు గద!"

సత్తమ్మ వెనక్కి తిరగలేదు. సంగయ్య ముందు, ఆమె వెనక, పట్నం దారిలో మలుపు తిరిగారు. కృష్ణవేణమ్మ చాలాసేపు గడపలో నిలబడి, బూట్లు తీసి లోపల పెట్టడానికి వంగి, ముట్టుకోకుండానే లేచింది.

మెట్టు పక్కన బూట్లు రెండూ ముక్కులు వీధివైపు పెట్టుకుని ఉన్నాయి. నూనె తాగి నల్లబడిన తోలు చిటికెన వేళ్ళ దగ్గర సత్తమ్మ పాదాల మాదిరే ఉబ్బి ఉంది, వాటిలో ఎవరో ఇంకా నిలబడి ఉన్నట్టు.