పిండిముద్ద తేల్చిన సందు

నేను ఒక ఆయిల్ పాన్‌ని. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అడుగున బోల్టులతో బిగించే, నూనె నిలవుంచే ఇనుప రేకు పళ్లాన్ని. నా నేలకు ఒక అయస్కాంతం అతుక్కుని ఉంటుంది. లోపల అరిగిన ఇనుమంతా దానికే పడుతుంది. అందుకే గేర్‌బాక్స్ ఒంట్లో బాగాలేకపోతే అందరికంటే ముందు నాకే తెలుస్తుంది. చెప్పడానికి నోరే లేదు.

నా యజమాని సుచరిత పందేల్లో కారు నడుపుతుంది. నిరుడు ఎవరో రంగు బాగుందని పోసిన నూనె సరిపడక గేర్‌బాక్స్ మాడిపోయింది. తప్పు నూనెది, కోపం మాత్రం దాన్ని మోసిన నా మీద. విజయవాడ ఆటోనగర్‌లో నాగూర్ మీరా మేస్త్రి దాన్ని మళ్లీ నిలబెట్టాడు. ఈసారీ మాడితే కారు అమ్మేస్తానని ఆమె వాళ్లన్నయ్యకు మాటిచ్చింది. పందెం ఆదివారం. శుక్రవారం మధ్యాహ్నం నన్ను విప్పి బల్లకింద పడేశారు.

ఆమె కొత్త పాన్ తెచ్చింది. అల్యూమినియం పోత, పెళ్లికొడుకులా మెరిసిపోతోంది. ఫిల్టరు ఇంకో కొట్లో కొంది, పెద్దదైతే మంచిదని పొడుగుది. నూనె డబ్బాలు మూడు రకాలు.

"ఏది పోద్దాం మీరా భాయ్? ఈ ఎర్రది బాగా ఖరీదు."

"ఖరీదు చూసి కాదమ్మా. ఈ గేర్‌బాక్స్‌కి ఏది పోయమని పుస్తకంలో ఉందో అదే పోద్దాం. నిరుడు అయింది చాల్లేదా?"

నూనె సంగతి తేలింది గానీ నాకు కుదురు లేదు. నూనెను వడగట్టే ఫిల్టరు గేర్‌బాక్స్ అడుగున బిగించి ఉంటుంది, దాని నోరు కిందికి ఉంటుంది. నేలకూ దానికీ మధ్య సందుంటేనే నూనె పీల్చగలదు. ఆ పొడుగుది పోయి నేలకు ఆనిందంటే, పాన్ నిండా నూనె ఉన్నా పైన గేర్‌బాక్స్ గుక్కెడు దొరక్క మాడాల్సిందే. అరుద్దామంటే రేకునాయె.

ఇంతలో మీరా పక్క టిఫిన్ హోటల్ నుంచి చపాతీ పిండిముద్ద తెప్పించాడు.

"ఇప్పుడు వంటేంటి భాయ్, సాయంత్రానికి బయల్దేరాలి."

"పది నిమిషాలమ్మా. కంటి కొలతను నమ్మి చాలాసార్లు దెబ్బతిన్నాను."

పొడుగు ఫిల్టరు ఎక్కించి, దాని నోటి కిందికి వచ్చేలా ముద్దను కొత్త పాన్ నేలమీద పెట్టి, పాన్ బిగించి, మళ్లీ విప్పాడు. ముద్ద అప్పడమైపోయి ఉంది, అంటే సందే లేదు. సుచరిత స్టూలు మీద కూలబడింది.

"ఇలాగే వెళ్లుంటే?"

"ఆదివారమే మాడేదమ్మా."

కొత్త పాన్‌కి సరైన జత ఫిల్టరు రావడానికి వారం పడుతుంది. మీరా నన్ను బల్లకింద నుంచి లాగి, కిరసనాయిలుతో కడిగి, నాకు సరిపడే పొట్టి ఫిల్టరు కొత్తది పెట్టి మళ్లీ ముద్దతో చూశాడు. ఈసారి ముద్ద వేలి మందాన మిగిలింది. నిరుటి నుంచి నా మొహం చూడని సుచరిత నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "సరే, ఇదే వెయ్యండి" అంది.

పందెంలో నేను చూసింది తారు రోడ్డొక్కటే. కారు ఉరికిన ప్రతిసారీ నూనె వెనక్కి ఉరికింది. నేను భయంతోనే గడిపాను. ఫిల్టరు నోరు మాత్రం తడారలేదు. మూడు పరుగులూ పూర్తయ్యాయి, రెండో స్థానమట.

సోమవారం సుచరితే నన్ను విప్పింది. అయస్కాంతాన్ని వేలితో తుడిచింది. బూడిదరంగు మెత్తటి జిగురే తప్ప ఇనుప రవ్వ ఒక్కటీ లేదు. వేళ్ల మధ్య నలిపి నలిపి చూసి, ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుంది. చెంప మీద నా మసి.

"కారు అమ్మక్కర్లేదు భాయ్," అంది.

తర్వాతి వారం సరైన జత వచ్చింది, నేను దిగిపోయాను. ఇప్పుడు మీరా కొట్లో బోల్టులు కడిగే పళ్లాన్ని. సుఖంగానే ఉన్నానంటారు చూసినవాళ్లు. కానీ మెరిసే పాన్ చంకన పెట్టుకుని ఎవరు లోపలికి వచ్చినా, పక్క హోటల్ నుంచి పిండిముద్ద వచ్చేదాకా నాకు ప్రాణం నిలవదు.