తిన్నావా అంటే తిన్నా

దాసు కడుపు సంగతి శుక్రవారంలోగా తేలకపోతే, ఎల్సా చదువు సంగతి తేలిపోయేలా ఉంది.

ఎల్సాది నరసాపురం. ప్రకృతి వైద్యం చదవడానికి మెల్‌బోర్న్ వచ్చి మూడేళ్లయింది. ఆ ఊరి శివారు క్లేటన్‌లో ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి అద్దె ఇంట్లో ఉంటోంది. వాళ్లమ్మ ప్రేమలీల ఆసుపత్రిలో నర్సు. ఆవిడ మొదట్లో "ఆకులూ వేళ్లూ చదువుకోడానికి అంత దూరం పోవాలటే?" అని ముక్కున వేలేసుకుంది. ఇది మనిషిని ముక్కలుగా కాకుండా నిండు మనిషిగా చూసే వైద్యం మమ్మీ, తిండీ నిద్రా దిగులూ అన్నీ అడిగి తెలుసుకుంటాం అని వాదించి మరీ విమానమెక్కింది ఎల్సా. అడగడం సరే. ఎలా అడగాలో ఎవరు నేర్పుతారు?

చివరి సెమిస్టర్‌లో కాలేజీ క్లినిక్‌కి వచ్చే ఒక మనిషిని ఆరు వారాలు చూసుకోవాలి. ఎల్సా వాటాకి దాసు వచ్చాడు. వెనక వీధిలోనే ఉంటాడు, కరీంనగర్ కుర్రాడు. పగలు యూనివర్సిటీకి పోతాడు, సాయంత్రాలు ఒక రెస్టారెంటులో గిన్నెలు కడుగుతాడు. ఎప్పుడూ నీరసం, తలనొప్పి, చదివింది బుర్రకెక్కదు. ముందు డాక్టరు దగ్గర రక్తపరీక్ష చేయించారు. ఐరన్ కాస్త తక్కువ, అంతే. డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. మిగతాది ఎల్సా వంతు.

ఎల్సా ఏం తక్కువ చేయలేదు పాపం. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లు, అరగంట ఎండలో నడక, పడుకునే ముందు ఫోన్ పక్కన పెట్టడం, అన్నీ రాసిచ్చింది. ఫారంలో "పొద్దున లేవడానికి మీకున్న కారణం ఏమిటి?" అని ఒక ప్రశ్న ఉంటుంది. దాన్ని అడిగితే దాసు "అలారం అక్కా" అని నవ్వాడు. తనూ నవ్వి, ఆ గడి ఖాళీగా వదిలేసింది. రోజూ సాయంత్రం ఫోన్ చేసి "తిన్నావా దాసూ?" అనేది. "తిన్న అక్కా" అనేవాడు. మూడు పూటల గడుల్లోనూ టిక్కులు పెట్టేసేది. అయిదు వారాలు గడిచినా వాడి నీరసం మాత్రం అంగుళం కదల్లేదు.

మంగళవారం నాడు సూపర్‌వైజర్ హెలెన్ ఆ కాగితాలు ముందేసుకుని కూర్చుంది. నెరిసిన జుట్టు, నెమ్మదైన గొంతు, చూపు మాత్రం సూదిలా గుచ్చుకుంటుంది.

"ముప్పై అయిదు రోజులు, నూటఐదు టిక్కులు. ఏం తిన్నాడు?"

ఎల్సా కాగితాలు తన వైపు తిప్పుకుని చూసింది, అన్నీ టిక్కులే.

"నువ్వు అడిగిన మాట మీ భాషలో చెప్పు. దాని అర్థమేంటి?"

"తిన్నావా అన్నాను. అంటే... భోజనం అయిందా అని. మేం కనపడగానే అందరినీ అలాగే పలకరిస్తాం."

"దానికి ఎవరైనా లేదంటారా?"

ఎవరంటారు? లేదంటే అడిగినవాళ్లు కంగారు పడిపోరూ! వాళ్ల వంటింట్లో మన కోసం మళ్లీ పొయ్యి మీద గిన్నె ఎక్కదూ! ఊరూ వాడా అందరూ తిన్నామనే అంటారు. నిన్న మధ్యాహ్నం అమ్మ ఫోన్‌లో అడిగితే, బస్టాపులో నిలబడి, ఖాళీ కడుపుతో, తనూ "తిన్నా మమ్మీ" అనే అంది.

"శుక్రవారానికి నిజమైన కేసు రాసుకురా. లేకపోతే ఈ సబ్జెక్టు మళ్లీ చేయాల్సి ఉంటుంది" అంది హెలెన్.

మళ్లీ ఆరు నెలలు!

బుధవారం మధ్యాహ్నం తిన్నగా దాసు ఇంటికి వెళ్లింది. "దా అక్కా, తిన్నవా?" అన్నాడు తలుపు తీస్తూ.

"ఆ మాట ఎత్తావంటే ఊరుకోను! పొయ్యి ఆఖరిసారి ఎప్పుడు వెలిగించావు?"

దాసు నీళ్లు నమిలాడు. "మొన్న..." అన్నాడు. "ఏదో నాడు" అన్నాడు. ఎల్సా వంటింట్లోకి నడిచింది. అలమరలో కుక్కర్ ఉంది. మూత తీస్తే లోపల తెలుగు పేపరు కుక్కి ఉంది, విజిల్ ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే ఉంది. పద్నాలుగు నెలల కిందట వాళ్లమ్మ ఎలా కట్టిచ్చిందో అలాగే ఉంది.

"ఒరేయ్, మరి ఏం తింటున్నావురా ఇన్నాళ్లూ?"

"బ్రెడ్డు. రెస్టారెంట్ల ఏమన్న మిగిలితె నిలవడి రెండు ముద్దలు. ఆకలి కాదు అక్కా, నిజంగ." తల దించుకున్నాడు. "మా బాపుది కాలేజీ పిల్లల మెస్సు. ఏడో తరగతి కెల్లి నేను వడ్డించిన. వందమందికి పెట్టినంక ఆఖరుకు అందరం కూసొని తినేది. ఎవ్వరికి పెట్టకుండ ఒక్కన్నే ప్లేటు ముందల వెట్టుకుంటె... ముద్ద దిగదక్కా. ఇక్కడ రోజుకు రెండొందల ప్లేట్లు కడుగుత. ఒక్క ప్లేట్ల గూడ నేను పెట్టింది లేదు."

ఎల్సాకి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయిదు వారాలు ఈ మనిషిని చూశాననుకుంది. గోరువెచ్చని నీళ్లట, ఎండలో నడకట! తన తెలివి తెల్లారినట్టే ఉందనుకుంది.

"రేపు నీకు డ్యూటీ లేదుగా? మా ఇంటికొచ్చి వండు. నలుగురం. నువ్వే వడ్డించాలి, నువ్వూ తినాలి. అదే మందు."

గురువారం సాయంత్రం దాసు కుక్కర్ చంకన పెట్టుకుని వచ్చాడు. ఎల్సా వాళ్ల ఇంట్లో భోజనాల బల్ల మీద లాప్‌టాప్‌లూ ఉతికిన బట్టలూ తప్ప కంచం చేరి ఎన్నాళ్లయిందో. అన్నీ తీసి తుడిచారు. టమాటా పప్పు, పచ్చిపులుసు, ఆలుగడ్డ వేపుడు. చేతిలో గరిటె పడేసరికి వాడి వెన్ను నిటారుగా నిలబడింది. "ఇంగొంచెం ఏసుకో సాహిత్యా, గదేం తినుడు!" అని గదమాయిస్తున్నాడు. హౌస్‌మేట్ సాహిత్య, ఇంతకాలం తన గదిలో ఒంటరిగా నూడుల్స్ తిన్న పిల్ల, మూడోసారి అన్నం పెట్టించుకుంది. అందరికీ పెట్టాక దాసు కూర్చున్నాడు. రెండు కంచాల అన్నం తిన్నాడు. తిని, "వచ్చే వారం గుత్తొంకాయ చేస్త" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

ఆ రాత్రి ఎల్సా ఖాళీగా వదిలేసిన గడి నింపింది. పొద్దున లేవడానికి కారణం: పెట్టడానికి మనుషులుండటం.

శుక్రవారం హెలెన్ కేసు మొత్తం చదివింది. మొదటి వాక్యం దగ్గరే కాసేపు ఆగింది. "నేను అయిదు వారాలు ఈ మనిషిని ప్రశ్న అడగలేదు, పలకరించాను" అని ఉంది అక్కడ.

"ఒక్క భోజనంతో నయమవదు. తెలుసుగా?"

"తెలుసు. ఐరన్ మాత్రలు మానడు. వారానికి మూడు సాయంత్రాలు వండుతాడు, తిన్నది తనే రాస్తాడు. రెండు నెలలకి మళ్లీ రక్తపరీక్ష."

హెలెన్ కాగితం మీద సంతకం పెట్టింది. "నీకు మనిషి దొరికాడు ఎల్సా. పాస్."

కాలేజీ మెట్లు దిగుతుంటే అమ్మ ఫోన్. ఇక్కడ సాయంత్రం, అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట.

"తిన్నావా ఎల్సా?"

అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎల్సా ఆపేసుకుంది.

"లేదు మమ్మీ. పొద్దుటి నుంచీ ఏం తినలేదు. పరీక్ష భయం. పాసయ్యాను. ఇప్పుడు ఇంటికెళ్లి నిన్నటి పప్పుతో అన్నం తింటాను."

అమ్మ కోప్పడుతుందనుకుంది.

"నువ్వు తిన్నావా మమ్మీ?" అని అడిగింది. ఈసారి పలకరింపు కాదు, నిజంగానే అడిగింది.

"లేదే అమ్మా" అంది ప్రేమలీల, చిన్న గొంతుతో. "నువ్వెళ్లాక ఒక్కదాన్నే కదా. డ్యూటీలో టీ తాగేసి, తెచ్చుకున్న డబ్బా తెరవకుండానే ఊరుకుంటున్నా."

మూడేళ్లు! మూడేళ్లుగా రోజూ ఆవిడా తిన్నాననే చెప్పింది.

"ఫోన్ పెట్టకు మమ్మీ. డబ్బా తెరువు. నేను ఇల్లు చేరడానికి పావుగంట పడుతుంది. ఇద్దరం కలిసి తిందాం" అంది ఎల్సా, బస్సుకి పరిగెడుతూ.