చిన్నకోడలి అలమర

“ఏమే, గారెలకి పప్పు రుబ్బావా? ఆదివారం కూడా టైముకి టిఫిను ఉండదా ఈ కొంపలో?” అని మా ఆయన భవానీప్రసాద్ హాల్లోంచి కేకేసేసరికి నేను పప్పే రుబ్బుతున్నాను. గ్రైండరు మోత వీధిలోకి వినబడుతోంది గానీ ఆయనకి వినబడదు. ఫోనులో తల దూర్చి కూర్చున్నాడు. ‘పరంధామయ్య పరివారం’ అని పాత కామెడీ సీరియలొకటుంది. మా చిన్నప్పుడు టీవీలో వచ్చేది, ఇప్పుడు యూట్యూబులో ఉంది. దాని అభిమానులందరికీ ఫేస్‌బుక్‌లో ఒక గ్రూపు, ఆ గ్రూపుకి ఈయన పెద్ద. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి జగ్గయ్యపేటలో ఇంటికి రాగానే చొక్కా కుర్చీ మీద పడేసి అందులో దూరతాడు. ఆ చొక్కా దుమ్ము వదిలించేది నేను. అదీ పొద్దున్నే బస్సెక్కి నందిగామ వెళ్ళి, బళ్ళో పాఠాలు చెప్పి, సాయంత్రం తిరిగొచ్చాక.

ఆ సీరియల్లో పరంధామయ్యకి ఒక చిన్నకోడలుంది. ఆమెకి పేరు కూడా పెట్టలేదు మహానుభావులు. ప్రతి ఎపిసోడులో వచ్చి “కాఫీ, మావయ్యా” అంటుంది, పోతుంది. అందరూ పరంధామయ్య జోకులకి నవ్వుతుంటే నేను ఆమెనే చూసేదాన్ని. ఆమె వెనక వంటింటి అలమర కనబడుతుంది. మొదట్లో అందులో చిన్న రేడియో, ఆటల్లో గెలిచిన కప్పు, పూసల సంచి ఉంటాయి. మామగారు “ఆడవాళ్ళకి పాటలెందుకూ” అన్న ఎపిసోడు తర్వాత రేడియో ఉండదు. మొగుడు అందరి ముందూ ఆమె నడకని వెక్కిరించాక కప్పు ఉండదు. సెట్టింగు వేసినవాళ్ళ అజాగ్రత్త అని గ్రూపులో ఎగతాళి చేసేవాళ్ళు. చివరి ఎపిసోడులో అలమర మొత్తం ఖాళీ, కాఫీ తెచ్చిన ఆమె కాళ్ళకి చెప్పులున్నాయి. నడింట్లో చెప్పులు! ఒకరోజు అన్నం వడ్డిస్తూ చెప్పాను: “ఆమె ఒక్కొక్క వస్తువూ బయటికి దాటించేస్తోందండీ. వెళ్ళిపోతోంది. ఎవ్వరూ చూడట్లేదు.” “పనీపాటా లేకపోతే ఇలాంటివే తడతాయి. ముందు పప్పులో ఉప్పు చూసుకో” అన్నాడు. మా అత్తగారు రాఘవమ్మ పక్కున నవ్వింది. తెల్లారేసరికి గ్రూపులో ఆయన పేరు మీద ‘నా పరిశీలన’ అని నా మాటలన్నీ ఉన్నాయి, చెప్పులతో సహా. “ఆడమనసుని ఇంతలా అర్థం చేసుకున్న మగాణ్ణి చూళ్ళేదన్నా”, “వదిన ఎంత అదృష్టవంతురాలో” అని కామెంట్లు. ఒళ్ళు మండిపోయి అడిగితే, “నీ పేరు పెడితే ఎవడు చదువుతాడే?” అన్నాడు.

ఆడమనసు తెలిసిన ఆ మహానుభావుడే ఈ నెల మొదట్లో నాతో ఒక్క మాటైనా అనకుండా మా హెడ్మాస్టరమ్మకి ఫోన్ చేశాడు. “నెలాఖరుకి మా ఆవిడ మానేస్తుందండీ, ఇంట్లో అమ్మకి ఇబ్బందిగా ఉంది” అని చెప్పేశాడు. నా ఉద్యోగం పోయిందన్న సంగతి నాకు స్టాఫు రూములో, తోటి టీచరు క్రిస్టీ చెబితే తెలిసింది! ఇంటికొచ్చి నిలదీశాను. “చెప్పేశాగా, మళ్ళీ ఏంటి గోల?” అన్నాడు. “మొగుడి జీతం చాలట్లేదనుకుంటారమ్మాయ్ ఊళ్ళో” అంది అత్తగారు. ఆ ఇంట్లో నేను గట్టిగా మాట్లాడింది అదే ఆఖరు. మర్నాడు హెడ్మాస్టరమ్మ దగ్గరికెళ్ళి, నేను మాననండీ, ఆయన మాట లెక్కలోకి తీసుకోకండి అని చెప్పాను. నందిగామలోనే క్రిస్టీ వాళ్ళ మేడ మీద గది ఖాళీగా ఉంటే అడిగాను. “మా ఇంట్లో ఉంటానంటే మీవాళ్ళు ఊరుకుంటారా నాగశ్రీ మేడం?” అంది. “వాళ్ళని అడిగితే కదా” అన్నాను. తాళం చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి క్యారేజీ సంచిలో అడుగున ఏదో ఒకటి పెట్టుకెళ్తున్నాను. నా సర్టిఫికెట్లు, అమ్మ ఫొటో, కాలేజీలో వ్యాసరచనకి వచ్చిన షీల్డు, మడతపెట్టిన చీరలు. పడగ్గది అలమరలో నా అర ఖాళీ అయిపోయింది. దాని పక్కన ఉన్న అద్దంలోనే ఆయన రోజూ తల దువ్వుకుంటాడు.

గారెలు వేశాను. అత్తగారికి మెత్తగా, ఆయనకి కరకరలాడేట్టు. మాడినవి ఎప్పుడూ నావి. ఇవాళ వాటిని చెత్తబుట్టలో వేసి, మంచివి రెండు తిని, కాఫీ కలిపి, చెప్పులేసుకుని హాల్లోకి వెళ్ళాను.

“నడింట్లో చెప్పులేంటమ్మాయ్, బుద్ధుందా?” అంది అత్తగారు.

ఆయన తలెత్తలేదు. గ్లాసందుకుని ఫోనులోకి చూసి నవ్వుకుంటూ, “ఇదుగో, యశస్విని అంట, ఎవరో అడుగుతోంది. ‘ఇంతకీ ఆ చిన్నకోడలు ఎక్కడికి వెళ్ళిందంటారు సార్?’ అని. ఏం రాయమంటావ్? నీకు తడతాయిగా ఇలాంటివి” అన్నాడు.

తలుపు పక్కన పెట్టుకున్న సంచి భుజాన వేసుకున్నాను.

“నందిగామ అని రాయండి” అన్నాను. “ఈసారి నా పేరు పెట్టండి.”