తాతగారి మీసం

నాటకశాల ముందు హాల్లో బోర్డు పెయింటర్ నిచ్చెన మీద ఉన్నాడు. గోడంత పెద్ద ఫొటో కింద "నటికి సంభాషణలు నేర్పుతున్న" అన్నంతవరకు రాసి, "నిర్మాత" అన్న మాట కోసం కుంచె ముంచుతున్నాడు. అంతలో పెద్దమ్మ వచ్చింది.

ఎనభై దాటిన ఆవిణ్ణి అక్కడ అందరూ పెద్దమ్మనే పిలుస్తారు. ఫొటోలోని నటి ఆవిడే. తెర వెనక, తాళ్లకీ పెట్టెలకీ నడుమ, పడుచుపిల్ల వేలెత్తి నిలబడి ఉంది. ఎదురుగా వేలాడే మీసాలతో నిర్మాత, చేతిలో కాగితం.

"దిగు నాయనా. ఇలా రాయమని ఎవడు చెప్పాడు?"

"అయ్యగారేనమ్మా."

అయ్యగారంటే ఆ నిర్మాత మనవడు. నాటకశాల ఇప్పుడు అతనిదే. గొడవ విని ఆఫీసు గదిలోంచి వచ్చాడు. అతనికంటే ముందు అతని మీసం వచ్చింది. కొసలు రెండూ గడ్డం దాకా దిగజారిన మీసం. తాత పోయేనాటికి అతని తండ్రి ఉయ్యాల్లో ఉన్నాడు. ఇంట్లో మిగిలిన తాత రూపం ఈ ఫొటో ఒక్కటే. అది చూసి తండ్రి పెంచాడు, తండ్రిని చూసి ఇతను పెంచాడు. టీ తాగితే సగం దానికే పోయేది. అయినా నిర్మాత కుర్చీ ఎక్కాలంటే ఆ మీసం ఉండాల్సిందే.

"పెద్దమ్మా, సాయంత్రం ఆట ఉంది. ఇప్పుడు పేచీ పెట్టకండి."

"అబద్ధాన్ని అబద్ధమంటే పేచీ అవుతుందిరా? ఆ నాటకానికి దర్శకత్వం నాది. ఆడదాని పేరు వేస్తే టికెట్లు తెగవని మీ తాత పోస్టరు మీద తన పేరు వేసుకున్నాడు. అప్పుడు నోరు మూసుకున్నాను. ఇప్పుడు గోడ మీద కూడానా?"

"కాగితం ఆయన చేతిలో ఉందిగా! మీరు వేలెత్తి ఏదో సందేహం అడుగుతున్నారు."

"సందేహమా, నా మొహమా! పోలీసు వేషగాడికి గొంతు పోయింది. గత్యంతరం లేక ఆ వేషంలో మీ తాతని స్టేజి ఎక్కించాను. నాలుగు ముక్కలు కూడా నోటికి రావు మహానుభావుడికి. ఇంకోసారి తప్పితే చంపేస్తానని వేలు చూపిస్తున్నాను. ఆ మీసం నేను అంటించిందే. ఆయనది నున్నటి మొహం."

"మా ఇంటి మీసం పెట్టుడు మీసమా?" మనవడు పకపకా నవ్వాడు. "మా నాయనమ్మ ఏనాడూ అనలేదే!"

"ఆవిణ్ణి మీరేనాడైనా అడిగారా?"

అతని నవ్వు ఆగింది. అడగలేదు. కానీ తండ్రి అద్దం ముందు మీసం దువ్వుకుంటుంటే, నాయనమ్మ నవ్వాపుకుంటూ లోపలికి వెళ్లిపోవడం గుర్తొచ్చింది.

పెద్దమ్మ ఆగలేదు. మేకప్ గదిలోంచి పోలీసు మీసం, జిగురు తెచ్చి పెయింటర్‌ని స్టూలు మీద కూలదోసింది.

"నేనేం చేశానమ్మా?"

"కదలకు."

అంటించింది. కొసలు కళ్లకేసి లేచాయి. చూడగానే భయపడాల్సిన పోలీసు. ఊడబీకి, తిరగేసి, మళ్లీ అంటించింది. పెయింటర్ని ఫొటో పక్కన నిలబెట్టింది. కొసలు గడ్డం మీదికి జారాయి. అచ్చం అదే మీసం!

"ఆ రోజు కంగారులో తలకిందులుగా పెట్టాను. మీరు దాన్నే పెంచుకొచ్చారు."

మనవడి చెయ్యి తన మీసం దాకా వెళ్లి ఆగిపోయింది.

"తుమ్మొస్తోందయ్యా," అన్నాడు పెయింటర్.

"జనం నవ్వుతారు పెద్దమ్మా," అన్నాడు మనవడు నీరసంగా.

"నవ్వనీ! నవ్వే జనం కోసమే కదరా ఇన్ని కుర్చీలు వేసింది! నా పని నా పేరు మీద ఉండాలి. అంతకుమించి నాకేం అక్కర్లేదు."

మనవడు ఫొటోని, పెయింటర్‌ని మార్చి మార్చి చూశాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట. చివరికి గోడ పట్టుకుని నవ్వాడు.

"తుడిచెయ్యి," అన్నాడు కళ్లు ఒత్తుకుంటూ. "నిర్మాతకు నటన నేర్పుతున్న నటి అని రాయి."

"నటి ఒక్కటేనా?" అంది పెద్దమ్మ.

"నటి, దర్శకురాలు. పేరుతో సహా రాయి."

పెయింటర్ మీసం పీక్కుని, గుడ్డతో పాత అక్షరాలు తుడిచి, నిచ్చెనెక్కాడు. "అక్షరాలు ఎంత పెద్దవి వెయ్యమంటారమ్మా?"

పెద్దమ్మ కళ్లజోడు తీసి సంచిలో పడేసింది. వీధి గుమ్మం దాకా నడిచి వెనక్కి తిరిగింది.

"నేను ఇక్కణ్ణుంచి చదువుతాను. కనబడేదాకా పెంచుకుంటూ పో."