తేలకూడని పూల్

పెరట్లో కడుతున్న స్విమ్మింగ్ పూల్ గోడలకు కాంక్రీటు కొట్టిన వారానికి తుఫాను కబురు వచ్చింది. లోపలి పూత ఇంకా వేయలేదు. నీళ్లూ నింపలేదు.

ఫ్లోరిడాలో ఆ కాలువ ఒడ్డున ఒడెట్, హార్లన్ దంపతులు ముప్పై ఏళ్లుగా ఉంటున్నారు. ఒడెట్ ఒక్కసారి కూడా కాలువలో కాలు పెట్టలేదు. అందులో మొసళ్లున్నాయి. కిందటి చలికాలం ఆమె రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది. నీళ్లలో నడిస్తేనే కాళ్లు మళ్లీ స్వాధీనంలోకి వస్తాయని డాక్టరు చెప్పింది. పూల్ అందుకే.

అక్కడ కాస్త తవ్వితే చాలు, ఊట వస్తుంది. దాన్ని తోడెయ్యడానికి కాంట్రాక్టరు పూల్ గుంట పక్కన కరెంటు మోటారు పెట్టాడు.

తుఫాను రావలసిన రోజు పొద్దున హార్లన్ పూల్లో దిగి అడుగు ఊడుస్తున్నాడు. పక్కింటి రోలాండో కంచె మీదుగా తొంగి చూశాడు.

"ఏం చేస్తున్నావు గురూ?"

"ఖాళీగా ఉంచుతున్నా. ఎంత వానొచ్చినా పట్టేస్తుంది."

"నలభై ఏళ్లు పడవలు కట్టావు. నువ్వు నిలబడింది దేంట్లోనో తెలియట్లేదా?"

హార్లన్ చీపురు ఆపాడు.

"కరెంటు పోతే మోటారు ఆగిపోద్ది," అన్నాడు రోలాండో. "కింద నీళ్లు లేస్తాయి. ఖాళీగా ఉంటే వాటితో ఇదీ పడవలా లేస్తుంది. మా బావమరిది పూల్ అలాగే లేచి వరండాని గుద్దింది. నీళ్లు నింపితే ఆ బరువుకి కదలదు."

హార్లన్ గోడల వంక చూశాడు. చేసిన పడవ తేలాలని కోరుకోవడమే అతనికి తెలుసు.

"కుళాయి నీళ్లతో సాయంత్రానికి నిండదు," అన్నాడు.

"నా దగ్గర పెట్రోలు పంపుంది. కాలువ ఎదురుగానే ఉంది."

"ఆ నీళ్లా! ఒడెట్ దిగుతుందా?"

ఒడెట్ వాకర్ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "నన్నడక్కుండా నా సంగతి నువ్వే చెప్పేస్తావేం? పూల్ పైకి లేచి పగిలాక నేనెక్కడ నడవాలి? నింపు."

పైపు నోటికి జల్లెడ కట్టి పంపు వేశారు. మధ్యాహ్నానికి పూల్ నిండింది. నీళ్లు టీ రంగులో ఉన్నాయి. సాయంత్రం కరెంటు పోయింది, మోటారు ఆగింది. రాత్రంతా గాలి వీచింది.

తెల్లవారాక హార్లన్ పూల్ అంచు మీద మట్టం చూసే బద్ద పెట్టి చూశాడు. నాలుగు వైపులా పెట్టి చూశాడు.

"కదల్లేదు!" అని కేకేశాడు.

ఆ పంపుతోనే నీళ్లు తోడి పూత వేయడానికి తను రావాలంటే రెండు వారాలు పడుతుందని కాంట్రాక్టరు ఫోన్లో చెప్పాడు. ఒడెట్ ఆ మాట విని ఈతబట్టలు వేసుకుని వచ్చింది.

"జల్లెడ సరిగ్గానే కట్టారా?"

"వేలెడు చేప కూడా దూరదు."

"అయితే చెయ్యివ్వు."

హార్లన్ ముందుగా మెట్లు దిగాడు, బూట్లతోనే. ఆమె నవ్వింది. నీళ్లు నడుము దాకా వచ్చాయి. గోడ పట్టుకుని ఆ చివరికి నడిచింది. తిరిగి వచ్చేటప్పుడు గోడ వదిలేసింది. హార్లన్ చేతులు చాచి పక్కనే నడిచాడు.

"నా పంపు ఎప్పుడిస్తారు?" కంచె అవతల నుంచి రోలాండో అడిగాడు.

"రెండు వారాలాగు," అంది ఒడెట్, నడక ఆపకుండా.