యెహోషువ కుడిచెయ్యి

అది పందొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం. అల్లూరు అవతల ఉప్పుకొఠార్ల దగ్గర, కాలవగట్టు మీద పొద్దున్నే రోజూ అదే తంతు. "పనికొచ్చేవాళ్లు చెయ్యెత్తండి!" అని మేస్త్రీ ఓబులేసు అరుస్తాడు. కుడిచెయ్యి తలపైకి లేస్తేనే ఆ మనిషికి పని. సంతలో గొడ్డు పళ్లు పట్టి చూసినట్టు మనుషుల భుజాలు చూసేవాడు కాంట్రాక్టరు.

ఆ రోజు యెహోషువ చెయ్యి నడుం దాటి లేవలేదు.

"అవతలికి పో!" అని ఓబులేసు గెంటేశాడు.

రెండు నెలల కిందట ఉప్పు బస్తా మోస్తూ, గట్టు నుంచి పడవలోకి వేసిన తడి బల్ల మీద కాలు జారి, పడవకూ గట్టుకూ మధ్య పడ్డాడు యెహోషువ. భుజం కీలు ఊడింది. కట్టు కట్టేవాడు లాగి కూర్చోబెట్టాడు. ఇంకేం రోగమన్నాడు కాంట్రాక్టరు. కూలీలూ అదే అన్నారు. ఆ రోజు గట్టు మీదే బస్తాలు కుడుతున్న పెంచలమ్మ అందరికంటే గట్టిగా అంది.

"కీలు కూర్చున్నాక నొప్పేందిరా? దొంగ నాటకాలాడి పెళ్లాం కష్టం తినేదానికి సిగ్గుండొద్దా?"

"నాటకం కాదక్కా. ఎముకకు అతుక్కునే కండ తెగిందంట. దాంతోపాటే నరం గూడా చచ్చుబడిందంట. నెల్లూరు డాక్టరమ్మ చెప్పింది. నమ్మకుంటే నీ దబ్బనంతో గుచ్చి చూడు."

భుజం చూపించి, మొహం నీళ్లవైపు తిప్పుకున్నాడు. పెంచలమ్మ కోపంగానే గుచ్చింది. నెత్తురు బొట్టు కట్టింది.

"గుచ్చక్కా," అన్నాడు యెహోషువ అటే చూస్తూ. "ఇంకా గుచ్చలేదేంది?"

పెంచలమ్మ దబ్బనం చటుక్కున కింద పెట్టేసింది. తన నోటి మీద తనకే అసహ్యమేసింది.

తోటి కూలీ హజరత్తయ్య బస్తా దబ్బున కింద పడేశాడు. "నా వేళ్లు గూడా మొద్దుబారినాయి. చెప్తే పని పోద్దని నోరు మూసుకున్నా!"

"నాకూ!" "నా భుజమూ అంతే!" ఎన్నాళ్లు దాచుకున్నారో పాపం, నలుదిక్కుల నుంచీ అరిచారు.

"వాణ్ణి పడేసింది ఆ బల్ల," అంది పెంచలమ్మ. "వెడల్పు బల్ల వెయ్యాల. బస్తాకు ఇద్దరు పట్టాల. యెహోషువకు వైద్యం చేయించి, కూర్చునే పని ఇయ్యాల. అందాకా బస్తా లేవదు!"

మర్నాడు కాంట్రాక్టరు పోలీసులను వెంటబెట్టుకొచ్చాడు. ఓబులేసు అరిచాడు. ఎవరూ కదల్లేదు. పోలీసొకడు పెంచలమ్మ రెక్క పట్టి ఈడ్చాడు.

"ఏం చేసినావే నువ్వు?"

"కష్టపడి చెయ్యి పోగొట్టుకున్నోణ్ణి దొంగన్నాను. ఆ తప్పుకైతే జైల్లో ఎయ్యండి!"

ఆమెను ఈడ్చుకుపోతుంటే ఓబులేసు మళ్లీ అరిచాడు. గొంతు జీరపోయింది.

"చెయ్యెత్తండి!"

పెంచలమ్మ వెనక్కి తిరిగి చూసింది. గట్టు నిండా మనుషులు, మధ్యలో యెహోషువ. ఒక్క చెయ్యీ లేవలేదు.